ఇంట్లో చెప్పే వచ్చినా

లీలామహల్ సర్కిల్ కాడ
ఇన్నోవా అద్దం దిగింది.
లోపల్నించి ఒక గుండు బయటికొచ్చింది,
చందనం ఇంకా ఆరలేదు.
"ఏం పెద్దాయనా, ఇంట్లో చెప్పొచ్చినావా?"

చెప్పే వచ్చినా నాయనా.
తొమ్మిదింటికి, చెప్పులేసుకుంటా,
పోతా అనకూడదు కాబట్టి
పొయ్యొస్తా అని చెప్పినా.
గ్యాసు బండకి ఫోన్ చెయ్యమన్నా.
సాయంత్రం చింతచిగురు తెస్తానన్నా.
ఊరుబిండి చాలు, సంగటి ఇంకో ముద్ద పెట్టొద్దన్నా.
నువ్వు పైనాయనకి ఏం చెప్పొచ్చినావో నాకు తెలీదు.
తలనీలాలు ఇచ్చేసినావు, మంచిదే,
ఆ హారను కూడా హుండీలో వేసుంటే
ఊరికి పుణ్యం.

జీవకోన నుంచి గాంధీరోడ్డుకి
నా చైను ఎన్నిసార్లు తిరగతాదో లెక్కపెట్టలా.
పైన వారధి మీద పొయ్యేవాళ్లకి
కింద నీడలో నేనుంటానని తెలీదు.
కింద పొయ్యేవాళ్లకి తెలుసు. అదే బాధ.
ఆటో నా మోకాలిని కొలతేసి పోతాది.
కాలేజీ బస్సు వెనకొచ్చి
నా వీపు మీద శ్వాస వదలతాది, పశువు మాదిరి.
అంచుకి జరిగితే ఇసక, మూత లేని కాలవ,
ఎవురో బండికి పూజ చేసి తొక్కించిన నిమ్మకాయ.

సైకిల్ షాపు ఖాదర్ వలీ ఒకటే మాటంటాడు:
"గోడ పక్కన పోతే గోడకే అతికిస్తారు సామీ,
నడి వరసలో పో. తిడితే తిట్టనీ.
తిట్టినాడంటే చూసినాడని అర్థం."
అప్పట్నించి తిట్లు నాకు లైసెన్సు.
చూడకుండా పొయ్యేవాడంటేనే భయం.

నా పని అద్దాలు అరగదీయడం.
కళ్ల డాక్టరు రాని రోజు
అక్షరాల అట్ట ముందర కూర్చోబెట్టేదీ నేనే.
మొన్న మంగళవారం ఒకాయన వచ్చినాడు.
నీళ్ల ట్యాంకరు. నేను మర్చిపోలా.
ఆ ముందు వారం కొర్లగుంట మలుపులో
ఆయన పక్కద్దం నా మోచేతిని గీరి పోయింది.
నన్ను గుర్తుపట్టలా.
సైకిల్ లేకుండా నన్నెవురు గుర్తుపడతారు?

ఒక కన్ను మూయమన్నా. చదవమన్నా.
పైన పెద్ద 'ర' చదివినాడు.
దిగతా దిగతా, ఆవగింజంత అక్షరాలున్న
ఆఖరి వరస కూడా గడగడా చదివేసినాడు.
రెండో కంట్లో అయినా ఏదన్నా ఉంటాదేమోనని
ఆశ పడినా, నిజం చెప్తున్నా,
పొరో, మసకో, పక్కచూపు తగ్గడమో,
ఏదో ఒక దోషం.
ఏం లేదు.
వజ్రం మాదిరి ఉండాయి కళ్లు.
"ఎంత సామీ?" అన్నాడు, మర్యాదగానే.
చెల్లు తీసుకోలా.
"బాగా కనపడతాది మీకు" అన్నా.
"ఏదో, దేవుడి దయ" అన్నాడు నవ్వి.
బయట ఆయన బండి స్టార్టయిన శబ్దానికి
చేతిలో అద్దం ఒకటి పగిలింది,
ప్లస్ రెండున్నర, ఎవురో టీచరమ్మది.

మోచేతికేమైందని కామాక్షి అడిగిందానికి
మిషను తగిలిందన్నా.
అవునా, అనింది.
కొబ్బరినూనె రాసింది.
చింతచిగురు ఏరుకుంటా కూర్చునింది.

పొద్దున చూస్తే
క్యారియరు సంచికి వెనక పక్క
జానెడు ఎర్రగుడ్డ కుట్టి ఉంది.
లారీల్లో కమ్ములు బయటికి పొడుచుకొస్తే
కొసకి కడతారే, ఆ మాదిరి.
ఆమె పాత రవిక గుడ్డే.

నేనడగలా.
ఆమె చెప్పలా.
పొయ్యొస్తా అన్నా.
ఊఁ, అని
మలుపు తిరిగేదాకా
గేటు వెయ్యలేదు.